'సెట్' అనే చిన్న మాటను లొంగదీసుకోవడం ఎలా?

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం మెట్ల మీద నాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. "సార్, సెట్ అంటే అసలైన అర్థం ఏమిటి? ఒక్కటి చెప్పండి చాలు, గుర్తుపెట్టుకుంటాను." అడిగేవారు పోటీ పరీక్షలకు చదివే పిల్లలు. అప్పుడప్పుడు అనువాదం పని మొదలుపెట్టినవారు కూడా ఉంటారు. ఒక్క అర్థం చెప్పి పంపేస్తే వారం తిరక్కుండా మళ్లీ వస్తారు, చేతిలో మరో వాక్యం పట్టుకుని. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు రెండో కూర్పులో ఈ ఒక్క క్రియను వివరించడానికి దాదాపు 60,000 పదాలు పట్టాయి. అర్థాల లెక్క 430 దాకా వెళ్లింది. వాటిని బట్టీ పట్టమని ఎవరికైనా ఎలా చెబుతాను?

అందుకే అందరికీ ఒకే పద్ధతి చెబుతున్నాను. దాన్నే ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇందులో కిటుకు ఒకటే: మాటను అర్థం అడగకండి, దాని పక్కన ఎవరు కూర్చున్నారో చూడండి. "ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు" అని మనవాళ్లు ఊరికే అనలేదు. మాటలకూ అది వర్తిస్తుంది.

ఏమేం కావాలి

ఒక లాంగ్ నోటుబుక్కు. రెండు రంగుల పెన్నులు. ఒక వారం పాటు ఏదైనా ఇంగ్లీష్ దినపత్రిక (కొననక్కరలేదు, గ్రంథాలయంలో పత్రికల బల్ల దగ్గర నిలబడితే చాలు). విద్యార్థుల కోసం తయారైన ఇంగ్లీష్–ఇంగ్లీష్ నిఘంటువు ఒకటి. పుట్టుక వెతకడానికి మాత్రం చారిత్రక నిఘంటువు కావాలి, అది ఏడో మెట్టు దాకా అవసరం రాదు. రోజుకు అరగంట, ఏడు రోజులు.

ఇంగ్లీష్–తెలుగు నిఘంటువు ఉంటే మంచిదే గానీ ఏడో రోజు దాకా దాన్ని అటక మీద పెట్టండి. అది ముందే తెరిస్తే 'ఉంచు, పెట్టు, నిర్ణయించు, అస్తమించు' అని వరసగా ఇరవై మాటలు కనిపిస్తాయి. ఏది ఎక్కడ వాడాలో మాత్రం తెలియదు. నా దగ్గరికి వచ్చేవారిలో సగం మందికి పట్టిన జబ్బు అదే.

1. ముందుగా, అది ఆ మాటేనా చూసుకోండి

ఇది మనకు మాత్రమే వచ్చే చిక్కు. తెలుగు లిపిలో 'సెట్' అని రాస్తే మూడు వేర్వేరు సంగతులు ఒకేలా కనిపిస్తాయి. ఈఏపీసెట్, ఐసెట్, లాసెట్, ఎడ్‌సెట్‌లలో ఉన్నది సీ, ఈ, టీ అక్షరాలు, అంటే కామన్ ఎంట్రన్స్ టెస్ట్. ఉస్మానియా విశ్వవిద్యాలయం నిర్వహించే అధ్యాపక అర్హత పరీక్ష టీజీ సెట్‌లో అక్షరాలు ఎస్, ఈ, టీయే. అయినా అది స్టేట్ ఎలిజిబిలిటీ టెస్ట్‌కు పొట్టిపేరు తప్ప మన మాట కాదు. ఒక అబ్బాయి నన్ను గట్టిగానే అడిగాడు: "ఇంజనీరింగు, మెడిసిను కలిపి ఒక సెట్టుగా పెట్టారు కాబట్టే ఎంసెట్ అన్నారు కదా సార్?" ఊహ ముచ్చటగా ఉంది, కానీ తప్పు.

సరిచూసుకునే తీరు: ఇంగ్లీష్ అక్షరాల్లో రాసి చూడండి. అన్నీ పెద్ద అక్షరాలైతే అది పొట్టిపేరు. దాన్ని వదిలేయండి.

2. మీ ఇంటి 'సెట్'ను వేరే పేజీలో రాసేయండి

మనం తెలుగులో మాట్లాడుతూ 'సెట్' అని ఎన్నిసార్లు అంటామో లెక్కే లేదు. సంబంధం సెట్ అయింది. చొక్కా సెట్ అయింది. ఆరోగ్యం సెట్ అయింది. వాడికీ నాకూ సెట్ కాదు. ఇవన్నీ ఒక పేజీలో రాసి, ఎదురుగా అచ్చ తెలుగు మాట పెట్టండి. సంబంధం కుదిరింది, చొక్కా నప్పింది, ఒళ్లు కుదుటపడింది, ఇద్దరికీ పొసగదు.

గమనించారా, ఎక్కువ చోట్ల 'కుదురు' సరిపోతోంది. కుదురు అంటే కుండ దొర్లిపోకుండా కింద పెట్టే చుట్ట కూడా. కుండను కదలకుండా కూర్చోబెట్టేది కుదురు. ఈ సంగతి మళ్లీ ఏడో మెట్టులో పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

హెచ్చరిక: ఈ పేజీలోని వాక్యం ఏదీ ఇంగ్లీష్‌లోకి 'సెట్' పెట్టి తీసుకుపోకండి. చొక్కా కొలత సరిపోతే ఇంగ్లీష్‌లో 'ఫిట్', అందంగా ఉంటే 'సూట్'. ఆరోగ్యానికి 'రికవర్' లేదా 'ఇంప్రూవ్'. మనుషుల మధ్య పొసగడానికి 'గెట్ అలాంగ్'. పెళ్లి సంబంధానికి 'ఫిక్స్' లేదా 'సెటిల్'. తెలుగులోకి వచ్చి మన నీళ్లు తాగిన 'సెట్' ఇప్పుడు తెలుగు మాటే. దానికి తిరుగు ప్రయాణం టికెట్టు లేదు.

3. వారం రోజులు వాక్యాలు ఏరండి

రోజుకు నాలుగైదు చొప్పున పాతిక వాక్యాలు చాలు. మాటను ఒక్కదాన్నీ కాదు, మొత్తం వాక్యాన్ని రాసుకోండి. 'సెట్'ను ఎర్ర పెన్నుతో, దాని ఎడమ పక్క ఉన్న నామవాచకాన్నీ కుడి పక్క ఉన్న నామవాచకాన్నీ నీలిరంగుతో గీయండి. ఎవరు చేశారు, దేన్ని చేశారు అన్నవే మీ ఆధారాలు.

ఒకే పేజీ నుంచి ఏరకండి. కోర్టు వార్త ఒకటి, పురపాలక వార్త ఒకటి, క్రీడలు, వాతావరణం, సినిమా, వంట, ఇలా తలా కొంచెం తీసుకోండి. పేజీ మారితే అర్థం మారుతుంది. 'సెట్‌బ్యాక్' చూడండి. రాజకీయాల పేజీలో అది ఎదురుదెబ్బ. నగరం పేజీలో ఇల్లు కట్టేటప్పుడు రోడ్డుకూ పక్కింటికీ గోడకూ మధ్య నిబంధనల ప్రకారం వదలాల్సిన ఖాళీ జాగా. "సెట్‌బ్యాక్ వదలలేదు" అని అపార్ట్‌మెంటు గొడవల్లో హైదరాబాద్‌లో ప్రతివారూ అనే మాటే. ఈ రెండూ కలిపేసి 'భవన యజమానికి ఎదురుదెబ్బ లేదు' అని రాసిన అనువాదాన్ని నేను దిద్దాను. ఆయనకు నిజంగానే దెబ్బ తగిలింది, జరిమానా రూపంలో.

పత్రికలు దొరకనివారు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పత్రికలు, వంటల పుస్తకాలు, పిల్లల కథలు కొనుక్కోవచ్చు. పిల్లల కథలు ఈ పనికి చాలా మంచివి. వాటిలో మాటలు చిన్నవి, వాటి పక్కనున్న మాటలు ఇంకా స్పష్టంగా ఉంటాయి.

4. కుప్పలు పోయండి

మొదట రెండే కుప్పలు: పేరుగా వాడింది, పనిగా వాడింది. ముందు 'ఎ', 'ద' లేదా అంకె ఉంటే పేరు. టీ సెట్, చదరంగం సెట్, గణితంలోని సమితి, సినిమా కోసం వేసిన సెట్టు, టెన్నిస్ సెట్టు, మూడు దోసెలు కలిపి ఒక ప్లేటులో ఇచ్చే సెట్ దోసె, అన్నీ ఈ గంపలోవే.

క్రీడల విషయంలో ఒక చిన్న జాగ్రత్త. టెన్నిస్‌లో 'గేమ్'లు కలిస్తే 'సెట్', సెట్లు కలిస్తే 'మ్యాచ్'. బ్యాడ్మింటన్‌లో 21 పాయింట్ల ఒక్కో భాగాన్నీ నిబంధనల్లో 'గేమ్' అంటారు. సింధు మొదటి సెట్టు గెలిచిందని మనం ఇంట్లో అనుకోవచ్చు, పరీక్షలో రాయకూడదు.

పనిగా వాడిన కుప్పలో కొత్తవారిని తికమకపెట్టేది కాలం. 'సెట్'కు వర్తమానంలోనూ భూతకాలంలోనూ భూతకృదంతంలోనూ (పాస్ట్ పార్టిసిపుల్) ఒకటే రూపం. 'సెట్టెడ్' అనేది లేదు, రాయకండి. మరి గుర్తుపట్టడం ఎలా? ముందు 'హీ', 'షీ', 'ఇట్' ఉండి, చివర 'ఎస్' లేకపోతే అది జరిగిపోయిన పని. 'ఎస్' ఉంటే ఇప్పటిది లేదా ఎప్పుడూ జరిగేది. 'దే', 'వీ' వచ్చినప్పుడు ఈ కిటుకు పనిచేయదు, వాక్యంలో రోజు, తేదీ లాంటి కాలాన్ని చెప్పే మాటను వెతకండి.

ఆ తరవాత పని కుప్పను మళ్లీ రెండుగా విడదీయండి: తనంతట తాను అయ్యేది, ఎవరో చేసేది. సూర్యుడు 'సెట్' అవుతాడు, ఎవరూ చేయరు. అలారం మాత్రం ఎవరో పెట్టాలి. పెరుగు రెండు వైపులా ఉంటుంది. 'పెరుగు తోడుకుంది' అన్నా 'పెరుగు తోడుపెట్టాను' అన్నా ఇంగ్లీష్‌లో అదే 'సెట్'. మనం రెండు మాటలుగా విడగొట్టుకున్నదాన్ని వాళ్లు ఒక్కదానితో సరిపెట్టుకున్నారు. తేడా చూపించేది పక్కనున్న పేరు ఒక్కటే.

5. ప్రతి కుప్పకూ ఒక తెలుగు క్రియ ఇవ్వండి

ఈ మెట్టు దగ్గర తొందరపడకండి, రెండు రోజులు తీసుకోండి. ప్రతి కుప్పలోని వాక్యాలను పైకి చదివి, మీ అమ్మ ఆ సంగతిని ఏ మాటతో చెబుతుందో ఆలోచించండి. నిఘంటువు మాట కాదు, ఇంట్లో మాట.

తేదీ, ధర, హద్దు, లక్ష్యం పక్కన ఉంటే: ఖరారు చేయడం, విధించడం. పరీక్ష పేపరు పక్కన ఉంటే: ప్రశ్నపత్రం తయారుచేయడం. గడియారం, అలారం: పెట్టడం. వల, ఉచ్చు: పన్నడం. విరిగిన ఎముక: సరిచేసి కుదర్చడం. పాట, కవిత: బాణీ కట్టడం. కథ, నవల పక్కన ఊరి పేరు వస్తే: ఆ ఊళ్లో జరిగినట్టు రాయడం. నిప్పు: అంటించడం. పక్షం రోజులు ఇలా రాస్తూపోతే తెలుగుకు ఎన్ని క్రియలున్నాయో మీకే ఆశ్చర్యం కలుగుతుంది.

రాయి, బంగారం పక్కన 'సెట్' వస్తే ఏమంటాం? చార్మినార్ దగ్గర నగల దుకాణంలో అడగండి. 'పొదగడం' అంటారు, ఉంగరంలో కెంపు పొదిగారు అని. ఇప్పుడు కోడి సంగతి చూడండి. కోడిని గుడ్ల మీద కూర్చోబెట్టడానికి కూడా ఇంగ్లీష్‌లో 'సెట్' అనే అంటారు. తెలుగులో కోడి చేసేదీ 'పొదగడమే'. సముద్రాల అవతలి భాష రాయికీ గుడ్డుకూ ఒకే మాట వాడింది, మనమూ ఆ రెంటికీ ఒకే మాట వాడాం. రెండు భాషలకూ చుట్టరికం లేకపోయినా చూపు కలిసింది. ఇలాంటిది ఒకటి దొరికితే నాకు ఆ రోజంతా హుషారుగా ఉంటుంది.

సిమెంటు కుప్పను వేరుగా పెట్టండి. మేస్త్రీ "సెట్ అయింది" అంటే గట్టిపడి బలం వచ్చేసిందని కాదు. కలిపిన సిమెంటు ముద్ద మెత్తదనం పోయి బిగుసుకోవడం మాత్రమే అది. సాధారణ పోర్ట్‌ల్యాండ్ సిమెంటుకు భారతీయ ప్రమాణాల్లో మొదటి బిగుతు 30 నిమిషాలకు ముందు రాకూడదు, చివరి బిగుతు 600 నిమిషాలు దాటకూడదు. అసలు బలం ఆ తరవాత నీళ్లు పట్టే రోజుల్లో వస్తుంది, బలం పరీక్ష 28వ రోజున చేస్తారు. కాబట్టి ఇంజనీరింగు పాఠంలో ఈ మాటకు 'గట్టిపడు' అని రాస్తే తప్పుదారి పట్టించినట్టే. 'బిగుసుకొను' సరైన మాట.

చిక్కుపడితే ప్రత్యామ్నాయం: ఏ తెలుగు క్రియా తట్టకపోతే ఆ వాక్యంలోని 'సెట్' స్థానంలో మరో ఇంగ్లీష్ క్రియ పెట్టి చూడండి. 'ఫిక్స్', 'పుట్', 'హార్డెన్', 'బిగిన్'లలో ఏది పెడితే వాక్యం చెడకుండా ఉందో, ఆ దారిలో తెలుగు దొరుకుతుంది.

6. తోకలను విడిగా చూడండి

'సెట్' వెనక 'అప్', 'ఆఫ్', 'అవుట్', 'ఇన్', 'అసైడ్' లాంటి చిన్న మాట తగిలితే అది కొత్త మాట అనుకోండి. రెండింటి అర్థాలూ కలిపి లెక్కకడితే తప్పుతుంది.

ఇక్కడ నా సొంత తప్పు చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక పత్రికకు కోర్టు వార్తలు అనువదించేవాణ్ని. హైకోర్టు ఒక ఉత్తర్వును 'సెట్ అసైడ్' చేసిందని వచ్చింది. నేను నిబ్బరంగా 'పక్కన పెట్టింది' అని రాశాను. మర్నాడు కక్షిదారు తరఫువారు ఫోన్ చేశారు: "పక్కన పెట్టడమేమిటండీ, కొట్టేశారు కదా!" నిజమే. డబ్బుతోనో సమయంతోనో వస్తే అది తీసి పక్కన పెట్టుకోవడం. కోర్టు చేస్తే రద్దు చేయడం, కొట్టివేయడం. ఎడమ పక్కన ఎవరున్నారో చూడకపోవడం వల్ల వచ్చిన తప్పు అది. అప్పటినుంచే ఈ నీలిరంగు పెన్ను అలవాటు.

'సెట్ ఇన్' ఇంకా సూక్ష్మమైనది. పైకి చూస్తే 'మొదలవు' అనే అర్థం. కానీ ఏవి మొదలవుతాయి? బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లేర్ అనే భాషావేత్త లక్షల మాటల వాడుకను కంప్యూటర్‌లో పోగుచేసి చూసినప్పుడు తేలిందేమిటంటే, దీని ఎడమ పక్కన చాలా వరకు చెడ్డవే వస్తాయి. కుళ్లు, నిరాశ, అంటువ్యాధి లాంటివి. తెలుగులో దగ్గరి మాట 'పట్టుకొను', 'దాపురించు'. తుప్పు పట్టింది, దరిద్రం దాపురించింది అన్నట్టు. వర్షాకాలానికి వాడితే ఇంగ్లీష్‌వాడికి అది కాస్త ముసురుపట్టినట్టు వినిపిస్తుంది. మీ అన్నగారి పెళ్లి సందడికి మాత్రం 'సెట్ ఇన్' వాడకండి.

మిగిలినవి త్వరగా: 'సెట్ అవుట్', 'సెట్ ఆఫ్' రెండూ బయలుదేరడమే. అవుట్ తరవాత 'టు' వచ్చి పని చెబితే ఒక ఉద్దేశంతో పూనుకోవడం. 'ఆఫ్' పక్కన టపాసో అలారమో ఉంటే పేల్చడం, మోగించడం. లెక్కల్లో ఉంటే ఒకదానికి ఒకటి చెల్లు వేసుకోవడం. 'సెట్ అప్' సంస్థ పక్కన ఉంటే నెలకొల్పడం, మనిషి పక్కన ఉంటే చాలాసార్లు ఇరికించడం.

7. ఇప్పుడు పుట్టుక వెతకండి

అందరూ ముందు ఇక్కడికే పరుగెత్తుతారు. అందుకే చివరికి పెట్టాను. పుట్టుక తెలిస్తే అర్థం తెలిసిపోదు, చెల్లాచెదురుగా ఉన్న కుప్పలను ఒక తాడుతో కట్టుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

నిఘంటువులో 'సెట్' పనిమాటనూ పేరుమాటనూ విడివిడిగా వెతకండి. రెండూ వేర్వేరు ఏర్ల నుంచి వచ్చి కలిసిన నీళ్లు.

పనిమాట పాత ఇంగ్లీష్‌లో 'సెట్టాన్'. అది 'సిట్టాన్' అనే మాటకు ప్రేరణార్థకం. 'సిట్టాన్' అంటే కూర్చోవడం, 'సెట్టాన్' అంటే కూర్చోబెట్టడం. మన వ్యాకరణంలో కూర్చొను, కూర్చోబెట్టు అన్నట్టే. ఇప్పుడు మీ కుప్పలన్నీ తిరిగి చూడండి: ఎముకను దాని చోట కూర్చోబెట్టారు, రాయిని బంగారంలో కూర్చోబెట్టారు, కోడిని గుడ్ల మీద కూర్చోబెట్టారు, ముల్లును ఆరు గంటల దగ్గర కూర్చోబెట్టారు. రెండో మెట్టులో కుండ కింద పెట్టిన కుదురు గుర్తుందా? అదే పని.

ఇంకా వెనక్కి వెళితే ఇది సంస్కృతంలోని 'సద్' ధాతువుకు తోబుట్టువు. కూర్చోవడం అనే అర్థంతో దాని నుంచే సదస్సు, సదనం, పరిషత్తు, ఉపనిషత్తు వచ్చాయి. ఇంగ్లీష్ 'సీట్', 'సెటిల్', లాటిన్ ద్వారా వచ్చిన 'సెషన్' కూడా ఈ ఇంటివే. నాంపల్లి సెషన్స్ కోర్టులో సెషన్ అంటే న్యాయమూర్తి కూర్చోవడం. పక్షిగూడుకు సంస్కృతంలో 'నీడం', ఇంగ్లీష్‌లో 'నెస్ట్'. రెండూ 'కింద కూర్చునే చోటు' అనే ఒకే పాత మాట నుంచి విడిపోయినవి.

పేరుమాటలో కొంత భాగం పనిమాట నుంచే వచ్చింది. కానీ 'ఒక జట్టు, ఒక గుంపు' అనే అర్థంలో ఉన్న 'సెట్' పాత ఫ్రెంచ్ 'సెట్ట్' నుంచి, అది లాటిన్ 'సెక్తా' నుంచి వచ్చిందని నిఘంటువులు చెబుతాయి. 'సెక్తా' అంటే అనుసరించేవారు. తెగ, శాఖ అనే అర్థంలో వాడే 'సెక్ట్' దీనికి సొంత అన్న. ఆ లాటిన్ ధాతువుకు సంస్కృతంలో జోడు 'సచ్', వెంట ఉండటం. 'సచివుడు' దాని నుంచే వచ్చాడు. అంటే సెట్ దోసెకూ హుస్సేన్‌సాగర్ పక్కనున్న సచివాలయానికీ దూరపు బంధుత్వం ఉంది. సచివాలయానికి ఇంగ్లీష్ పేరైన సెక్రటేరియట్‌కు మాత్రం లేదు. అది 'రహస్యం' అనే అర్థం ఉన్న వేరే లాటిన్ మాట నుంచి వచ్చింది.

హెచ్చరిక: ఈ ఆట మొదలుపెడితే ఆగడం కష్టం. వినడానికి ఒకేలా ఉన్నంత మాత్రాన బంధుత్వం కలపకండి. 'శెట్టి'కీ 'సెట్టాన్'కూ ఏ సంబంధమూ లేదు, శెట్టి 'శ్రేష్ఠి' నుంచి వచ్చింది.

సరిచూసుకునే తీరు: సంస్కృతం 'ద' ఉన్నచోట సొంత ఇంగ్లీష్ మాటలో 'ట' రావాలి. దశకు 'టెన్', ద్వికి 'టూ', పాదానికి 'ఫుట్', సద్‌కు 'సిట్'. ఇలా వరుసగా నాలుగైదు జతల్లో ఒకే మార్పు కనిపిస్తేనే చుట్టరికం నమ్మదగినది. మీరు కనిపెట్టిన కొత్త జత ఈ వరుసలో పడకపోతే అది ఇంగ్లీష్‌కు తరవాత అరువు వచ్చిన మాటైనా అయి ఉంటుంది, లేదా కాకతాళీయమైనా అయి ఉంటుంది. చారిత్రక నిఘంటువు చూడకుండా ఎవరికీ చెప్పకండి, ముఖ్యంగా వాట్సాప్‌లో. ఇంట్లో ఆ నిఘంటువు లేకపోతే అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి సంప్రదింపు గ్రంథాల విభాగంలో అడగండి.

తరచూ జరిగే పొరపాట్లు

'సిట్', 'సెట్' తారుమారు చేయడం అన్నిటికంటే ఎక్కువ. కుర్చీలో కూర్చున్నది మీరైతే 'సిట్', దాని భూతకాలం 'శాట్'. పుస్తకాన్ని బల్ల మీద పెట్టారు అంటే 'సెట్'. కుడి పక్కన ఏ వస్తువూ లేకుండా మనిషి 'సెట్' అయ్యాడంటే అనుమానించండి. తెలుగువాళ్లం హ్రస్వ 'ఇ', 'ఎ'లను బాగానే పలుకుతాం, కాబట్టి ఈ తప్పు నోటిది కాదు, చేతిది. రాసిన తరవాత మళ్లీ చదవకపోవడం వల్ల వస్తుంది.

రెండోది, ప్రతి అర్థానికీ ఒక్క ఉదాహరణతో సరిపెట్టుకోవడం. ఒక్క వాక్యంతో కుప్ప అవదు. మూడు దొరికేదాకా ఆ పేజీని ఖాళీగా ఉంచండి.

మూడోది కాస్త పెద్దవాళ్లు చేసేది: పుట్టుకే అసలు అర్థమని వాదించడం. కూర్చోబెట్టడమే నిజమైన అర్థం, మిగతావి వక్రాలు అంటారు. మరి సూర్యుణ్ని ఎవరు కూర్చోబెడుతున్నారు? అక్కడ ఆ మాట వందల ఏళ్లుగా దిగిపోవడం, కుంగడం అనే అర్థంలోనే నడుస్తోంది. వాడుకే సాక్ష్యం.

8. పని అయిందో లేదో చూసుకోవడం

ఏడో రోజు నోటుబుక్కు మూసి మూడు పరీక్షలు పెట్టుకోండి.

మొదటిది, మీ పాతిక వాక్యాలను ఎవరిచేతనైనా తెలుగులో చదివించుకుని మీరు ఇంగ్లీష్‌లోకి తిప్పండి. పాతికలో ఇరవై సరిగ్గా వస్తే మంచిదే. పదిహేనుకు తగ్గితే అయిదో మెట్టుకు వెళ్లండి, మొదటికి అక్కరలేదు.

రెండోది, ఎడమ కుడి పక్కల మాటలు మాత్రమే రాసి 'సెట్' ఉన్నచోట గీత పెట్టండి. 'జెల్లీ – గీత', 'హైకోర్టు – గీత – ఉత్తర్వు', 'కెంపు – గీత – బంగారం'. అర్థం మీకు తడుముకోకుండా తట్టాలి. ఇది వస్తే మాటల సావాసం పట్టుబడినట్టే.

మూడోది కష్టమైనది. ఇప్పటిదాకా చూడని పత్రిక ఒకటి తెరిచి, మీ కుప్పల్లో దేనిలోనూ పడని కొత్త 'సెట్'ను పట్టుకోండి. తప్పకుండా దొరుకుతుంది. దానికి కొత్త పేజీ తెరిచి, తెలుగు క్రియ మీరే ఇచ్చి, అప్పుడు నిఘంటువుతో పోల్చండి. ఇప్పుడు ఆ అటక మీది ఇంగ్లీష్–తెలుగు నిఘంటువును కిందికి దింపవచ్చు. మీరు ఇచ్చిన మాట అందులో లేకపోయినా కంగారు పడకండి. మీ మాట ఆ వాక్యంలో కుదిరిందా, పైకి చదివితే అమ్మకు అర్థమైందా అన్నదే చూడండి.

తరవాతి మాట ఏది తీసుకోవాలని అడుగుతారు. ఉత్సాహం కొద్దీ 'రన్' జోలికి పోకండి. ఆక్స్‌ఫర్డ్‌వారి కొత్త కూర్పులో అది 'సెట్'ను దాటి 645 అర్థాలతో కూర్చుంది, నోటుబుక్కులు సరిపోవు. 'ఫిక్స్' తీసుకోండి. చిన్నది, ఇంట్లో రోజూ వినిపించేది. రెండో మెట్టు పేజీ మీకు ఒక్క పూటలో నిండిపోతుంది.